టోపీ తాతకు గుడివాడ వన్స్‌మోర్

ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పడం నాకు చేతకాదు. మా వీధిలో చినుకు పడితే బందరు కాలవకి గండి పడిందంటాను. ఇంటికి ఒక చుట్టం వస్తే పెళ్లివారి బస్సు దిగిందంటాను. మా ఆవిడ నా మాటలో సగం కొట్టేసి, మిగిలిన సగంలో ముప్పాతిక తీసేసి, ఆ మిగిలిన పిసరుని కూడా పక్కింటావిడని అడిగి నిర్ధారించుకున్నాకే నమ్ముతుంది. కాబట్టి ఈ కింద వచ్చే దోమల బరువు, బస్సుల రద్దీ, జనం లెక్క మీకు తోచినంత తగ్గించుకోండి. నాకేమీ అభ్యంతరం లేదు. ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, అసలు జరగనిదాన్ని జరిగిందని రాశాను. అదెక్కడో చివర్లో చెప్పేస్తాను.

సంగతి మొన్నటి ఎండాకాలంలో మొదలైంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. బందరులో మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే గోడ మీది బల్లి కూడా దిగొచ్చి గచ్చు మీద వెల్లకిలా పడుకుంటుంది. నేనూ దాని పక్కనే పడుకుని ఫోను తిప్పుతున్నాను. నా బొటనవేలు ఎక్కడ నొక్కిందో ఏమో, ఒక ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. ఎక్కడో అమెరికా పల్లెటూళ్లో చెక్క ఇంటి వరండా. తుప్పు పట్టిన ఇనప కుర్చీ. నెత్తిన ఒక టోపీ. ఆ టోపీ అంచు కింద చిన్న సంసారం ఒకటి అద్దెకి దిగొచ్చు. ఒళ్లో గిటారు. పక్కన ఒకావిడ బాంజో పట్టుకుని కూర్చుంది. బాంజో అంటే డప్పుకి సితారు మెడ అతికించినట్టుండే వాయిద్యం. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. పాడాడు. అంతే.

అంతే అన్నాను గాని, నేను పడిపోయింది ఆ అంతేలోనే. రంగురంగుల దీపాలు లేవు, వెనకాల గెంతేవాళ్లు లేరు. పాట మధ్యలో రోడ్డు మీద లారీ వెళితే అదీ వినిపించింది. ఒక కుక్క వచ్చి ఆయన కాళ్ల దగ్గర పడుకుని తోకతో తాళం వేసింది, ఒక్క దెబ్బ తప్పలేదు. రెండో చరణంలో గిటారు తీగ తెగింది. మనవాళ్లయితే కెమెరా ఆపి, తీగ మార్చి, ముఖానికి పౌడరు అద్ది, మళ్లీ మొదటినుంచి తీస్తారు. ఆయన మిగిలిన తీగలతోనే పాట ముగించి, తెగినదాన్ని వేలికి చుట్టుకుంటూ ఏదో జోకు వేశాడు. ఆ ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా బల్లీ నేనూ కలిసి నవ్వాం.

దీన్ని అమెరికానా అంటారని తరవాత తెలిసింది. వాళ్ల పల్లెల పాట, చర్చి పాట, పత్తిచేలల్లో నల్లవాళ్లు పాడుకున్న దుఃఖపు పాట, కొండప్రాంతం వాళ్ల ఫిడేలు, ఇవన్నీ ఒక గంగాళంలో పోసి కలియబెడితే వచ్చేది. ఈ పాటగాళ్లు పాడుతుండగా వీడియో తీసి లోకానికి చూపించేవాళ్లు కొందరున్నారు. వంటింట్లో తీస్తారు, గొడ్లచావిట్లో తీస్తారు, మూతపడిన కిరాణాకొట్టు అరుగు మీద తీస్తారు. ఒకటే విడత. గొంతు జీరపోతే ఆ జీరా అందులోనే, పొయ్యి మీద పాలు పొంగితే ఆ హడావుడీ అందులోనే. పాటగాడికి పేరుందా, అందంగా ఉన్నాడా అని చూడరు. నోట్లో పాట ఉంటే చాలు, వెళ్లి ఎదురుగా కూర్చుంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పలేని నాలాంటివాడికి, ఉన్నది ఉన్నట్టు చూపించేవాళ్ల మీద ఎంత గౌరవం పుట్టిందో మీరే ఊహించుకోండి.

వానలు పడే వేళకి మా ఇంట్లో కాఫీ కాచుకునేటప్పుడు బాంజో, బట్టలు ఆరేసేటప్పుడు ఫిడేలు.

"ఏవండీ," అంది మా ఆవిడ ఒకరోజు, "ఆ టోపీ ఆయన ఇంకా ఎన్నాళ్లుంటారు మనింట్లో? ఉంటే ఉన్నారు గాని, బజారుకెళ్లి కూరలన్నా తెమ్మనండి."

నా దగ్గరున్న ఇంత ఐశ్వర్యాన్ని ఒక్కణ్ణే అనుభవించడం పాపమనిపించింది. అవనిగడ్డలో మా పెద్దమ్మ అల్లుడు, అంటే మా బావ, మైకు సెట్టు, షామియానాల కొట్టు నడుపుతున్నాడు. పెళ్లిళ్లలో తలంబ్రాలు వెనక వరసలకి కనబడాలని ఒక ప్రొజెక్టరు కొన్నాడు. దాన్ని బందరు తెప్పించి మా డాబా మీద దుప్పటి కట్టాను. దాని బల్బు వెలిగితే తెల్లారిందనుకుని వీధిలో కోళ్లు కూశాయి. చూడ్డానికి వచ్చినవాళ్లకన్నా దోమలే ఎక్కువ. ఒక్కో దోమ దిగేటప్పుడు దుప్పటి మీద హెలికాప్టరు నీడ పడేది.

వచ్చినవాళ్లు కాక, రాకుండా చూసినాయన ఒకరున్నారు. మా ఎదురింటి మావయ్య. మేనమామ కాదు, పిల్లనిచ్చిన మామగారూ కాదు. మావైపు ఎదురిల్లయితే చాలు, ఏదో ఒక వరస కలిసిపోతుంది. ఆయన తన డాబా మీద ఎండుచేపల బస్తాలు సర్దుతున్నట్టు నటిస్తూ మా దుప్పటి వైపే చూశాడు. ఆ సాయంత్రం ఆయన సర్దిన బస్తా ఒక్కటే. దాన్నే అటూ ఇటూ మార్చాడు.

మావయ్య గురించి చెప్పాలి. మంగినపూడి పక్కన సముద్రం మీద బతికే ఊళ్లో పుట్టి, ఎండుచేపల వ్యాపారంతో బందరు చేరాడు. పగలు చేపలు, పొద్దువాలితే రాజ్యం. పద్యనాటకాల్లో రాజు వేషం ఆయనదే. వయసులో ఉండగా ఒడ్డున నిలబడి రాగం తీస్తే, ఇంటినుంచి పిలుస్తున్నారనుకుని నడిసముద్రంలో పడవలు వెనక్కి తిరిగేవట.

మా జిల్లాలో నాటకం చూసేవాళ్లది ఒక పద్ధతి. పద్యం నచ్చితే "వన్స్‌మోర్" అని అరుస్తారు. అరిచారంటే కథ ఆగిపోవాల్సిందే. యుద్ధం ఆగుతుంది, ఏడుస్తున్న రాణి కళ్లు తుడుచుకుని పక్కకి తప్పుకుంటుంది, నటుడు ఆ పద్యం మళ్లీ పాడాలి. మొదటిసారి పాడినట్టే పాడితే ఒప్పుకోరు. రాగం ఇంకోచోట విరవాలి, ఇంకోచోట నిలపాలి. పద్యం కంఠస్థం చేసినవాడెవడో, పద్యం వచ్చినవాడెవడో ఆ రెండోసారే తేలిపోతుంది.

మావయ్యకి అది గుడివాడలో తేలింది. పద్యం వినడంలో గుడివాడవాళ్లంత నిక్కచ్చి మనుషులు భూమ్మీద లేరు. పదేళ్ల పైమాట. మొదటిసారి పద్యం పైకప్పు దాటింది. వన్స్‌మోర్ అన్నారు. అప్పటికే గొంతు అలిసిందని కనిపెట్టిన హార్మోనిస్టు, శ్రుతి కాస్త దించనా అని సైగ చేశాడు. రాజుగారికి పౌరుషం. వద్దన్నాడు. పై షడ్జం దగ్గర గొంతు పుటుక్కున తెగింది. ఎవరూ నవ్వలేదు. ముందువరసలోంచి ఎవరో మెత్తగా "పర్లేదండీ" అన్నారట. టమాటాలు విసిరినా తట్టుకునేవాడేమో. ఆ పర్లేదండీని తట్టుకోలేక కిరీటం తీసి కుర్చీ మీద పెట్టి వచ్చేశాడు. ఆ తరవాత ఆయన నోట పద్యం లేదు.

"గొంతు పోతే పోయింది, నా మీద అరుపులేం తగ్గలేదు," అని ఆయన భార్య, మా అత్తయ్య, నవ్వుతుంది. మా ఆవిడతో మాత్రం ఒకసారి ఇంకోమాట అంది. "పొద్దున్నే స్నానాల గదిలోంచి పద్యం వినపడితే ఈయన లేచారని తెలిసేది. ఇప్పుడు వెళ్లి చూసుకోవాల్సొస్తోందమ్మా." ఆ మాట విన్నప్పటినుంచి, ఆయన మళ్లీ పాడతాడా పాడడా అన్నది అత్తయ్యకే కాదు, మా రెండిళ్లకీ ముల్లులా మిగిలిపోయింది.

డాబా మీద ప్రదర్శన దోమల చేతుల్లోకి వెళ్లిపోయాక, "మా గోడౌనులో పెడదాం రా బావా, కుర్చీలు నావే, జనం నావాళ్లే," అని కబురుపెట్టాడు బావ. బయల్దేరుతుంటే మావయ్య సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నాగాయలంకలో చేపల పనుంది అల్లుడూ. ఎలాగూ బస్సు అవనిగడ్డ మీదుగానే కదా."

ఆ బస్సు రద్దీ ఏం చెప్పను! నా ఎడమకాలు చల్లపల్లిలోనే దిగిపోయింది. మోపిదేవి దాటాక ఎవరిదో కాలు నాకు తగిలించుకుని అవనిగడ్డ చేరాను. నాగాయలంకలో చేపలు ఏమైపోయాయో తెలియదు, మావయ్య మాత్రం నాతోపాటే దిగి గోడౌనులో చివరి కుర్చీ చూసుకున్నాడు.

షామియానా గుట్టల మధ్య దివిసీమ సగం వచ్చి కూర్చుంది. వరికోతలకి ఇంకా టైముంది, జనం తీరిగ్గా ఉన్నారు. బాంజో ఆవిడ వేళ్లు చూసి వాళ్లకి మతిపోయింది. ఒళ్లో పడుకోబెట్టిన గిటారు మీద ఇనప ముక్క జారిస్తే అది పసిపిల్లలా ఏడుస్తుంటే, ముందు కూర్చున్న ఒక ముసలావిడ "అయ్యో, ఎత్తుకోండర్రా దాన్ని," అంది. తరవాత టోపీ తాత. ఆయన పాటకి అర్థం ఎవరినో అడిగి తెలుసుకుని ఉన్నాను కాబట్టి మైకులో చెప్పాను. ఏరు పొంగి రాత్రికి రాత్రి వాళ్ల ఊరి మీద పడింది. గొడ్లచావిడి కొట్టుకుపోయింది. తెల్లారి చూస్తే చెట్టుకొమ్మకి చిక్కుకున్న తమ్ముడి చొక్కా ఒకటే మిగిలింది. ఉప్పెన చూసిన దివిసీమలో నీళ్లు ఊరి మీద పడ్డాయన్న మాట ఎవరూ తేలిగ్గా వినరు. ఇక్కడ మాత్రం నేనేమీ పెంచలేదు. పాట అయ్యేదాకా ఎవరి కుర్చీ చప్పుడు చెయ్యలేదు.

అయిపోగానే కండువా పెద్దాయన ఒకరు లేచి, అలవాటు కొద్దీ అరిచారు.

"వన్స్‌మోర్!"

గోడౌనంతా అందుకుంది. "వన్స్‌మోర్! వన్స్‌మోర్!"

బావ నావైపు చూశాడు. నేను తలూపాను. అదే వీడియో మళ్లీ వేశాడు. సగం కూడా కాకుండానే కండువా పెద్దాయన లేచి నిలబడ్డారు.

"ఆపవయ్యా! ఇందాక పాడినట్టే పాడుతున్నాడుగా! అక్కడే దగ్గు, అక్కడే విరుపు. వీడిది బట్టీ!"

"వీడియో అండీ," అన్నాడు బావ. "ఎన్నిసార్లు వేసినా ఒకేలా ఉంటుందండీ."

"అది నాకు చెప్పకు. పాటొచ్చినవాడు రెండోసారి అలాగే పాడతాడా? బట్టీగాణ్ణి తెచ్చి బందరు బాబు మనకి అంటగట్టాడు!"

జనం గొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నన్నంటే పడతాను, పడటం అలవాటే. తోకతో తాళం వేసే కుక్కని పెంచుకునే మనిషిని బట్టీగాడంటే ఎలా ఊరుకుంటాను? అక్కడికక్కడే ఫోను తీసి వెతికాను. అదే మనిషి, అదే పాట, ఇంకోచోట, చాలా ఏళ్ల తరవాత తీసింది దొరికింది. వంటిల్లు. టోపీ అదే, కింద మనిషి బాగా చిక్కిపోయాడు. వరండాలో ఏరు పొంగినంత వేగంగా పాడిన పాటని, ఇక్కడ నీళ్లు తీశాక బురదలో నడిచినంత నెమ్మదిగా పాడాడు. పాట మధ్యలో పైకి వెళ్లాల్సినచోట గొంతు పలకలేదు. ఆగాడు. దగ్గాడు. రేకు గ్లాసుతో నీళ్లు తాగాడు. పక్కన గిటారు పట్టుకున్న కుర్రవాడితో ఏదో అన్నాడు. అతను గిటారు మెడకున్న శ్రుతి క్లిప్పు వెనక్కి జరిపాడు. ఆయన ఆగినచోటినుంచే అందుకుని, సగం పాటగా, సగం మాటగా, తమ్ముడి చొక్కా దాకా వెళ్లాడు. వీడియో తీసినవాడు ఇదంతా అలాగే ఉంచాడు. ఒక్క దగ్గు కత్తిరించలేదు.

కండువా పెద్దాయన నెమ్మదిగా కూర్చున్నారు. "వచ్చు," అన్నారు. "వీడికి పాటొచ్చు."

చివరి కుర్చీలోంచి మావయ్య గొంతు వినిపించింది, ఎవరితో అంటున్నాడో ఆయనకే తెలియనట్టు. "శ్రుతి దించాడు. అందరి ముందూ దించేశాడే!"

మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి కాఫీ వద్దని, ఆ వంటింటి వీడియో పెట్టమన్నాడు. తరవాత కాఫీ కావాలని, వీడియో మళ్లీ పెట్టమన్నాడు. వారం తిరిగేసరికి మా ఆవిడ ఆయన చెప్పులు మా ఇంటి చెప్పుల స్టాండులో సర్దడం మొదలెట్టింది.

అప్పటినుంచి మా ప్రదర్శనకి ఒక నియమం ఏర్పడింది. ఏ పాటగాడిదైనా ఒకే పాట రెండుచోట్ల పాడిన వీడియోలు దొరికితేనే వేస్తాం. మొదటిది మేం వేస్తాం, రెండోది జనం అడగాలి. ఇలా చూపించేవాడు ప్రపంచం మొత్తం మీద నేనొక్కణ్ణేనని నా నమ్మకం. ఈ సంగతి పంటకాలవల మీదుగా గుడివాడ చేరింది. నాటకాలు ఆడే హాల్లో ఆదివారం సాయంత్రం వెయ్యమని అక్కణ్ణుంచి పిలుపొచ్చింది. పిలిచినాయన ఎవరో కాదు, ఆనాడు శ్రుతి దించనా అని సైగ చేసిన హార్మోనిస్టే.

"గుడివాడా?" అన్నాడు మావయ్య. అని, సర్దిన చేపల బస్తానే మళ్లీ సర్దాడు. "నేను వెనక కూర్చుంటాను. నన్ను పలకరించొద్దని చెప్పు."

ఆ హాలుకి గుడివాడే కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నీ తాళాలు వేసుకుని వచ్చాయి. స్థలం లేక కొంతమంది ఒకరి ఒళ్లో ఒకరు, ఒళ్లూ చాలక మిగిలినవాళ్లు ఒకరి జ్ఞాపకాల్లో ఒకరు కూర్చున్నారు. టోపీ తాత వరండాలో పాడాడు. వన్స్‌మోర్ అన్నారు. వంటింట్లో పాడాడు. రేకు గ్లాసు దగ్గర హాలంతా ఆయనతోపాటే గుటక వేసింది. పాట అయ్యాక వచ్చిన అరుపుకి పైకప్పు రేకులు రెండంగుళాలు లేచి కూర్చున్నాయి.

"వన్స్‌మోర్!"

మూడోది నా దగ్గర లేదు. బావ నా చెవిలో, "ఏదో ఒకటి చెప్పు బావా, గుడివాడ ఇది," అన్నాడు. మైకు పట్టుకుని నోరు తెరిచేలోగా వెనకనుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఆ ముసలాయన దగ్గర మూడోది లేదండీ," అన్నాడు మావయ్య. "నా దగ్గర ఒకటుంది."

జనం మధ్యలోంచి నడిచి స్టేజీ ఎక్కాడు. మాతో వచ్చిన అత్తయ్య నా పక్కనే కూర్చుంది. ఆవిడ చేతిలో ఉన్న వేరుశనగకాయ ఒలిచీ ఒలవకుండా అలాగే ఆగిపోయింది. హార్మోనిస్టు పెట్టె ముందుకు లాక్కున్నాడు.

"పాత శ్రుతేనా?"

"కాదు. దించు."

"ఎంత?"

"నేను ఆపమనేదాకా దించు."

రాజ్యం పోగొట్టుకున్న రాజు అడవిలో పాడే పద్యం. కిరీటం లేదు, లుంగీ పంచె, జేబులో కళ్లజోడు. గొంతు కింద ఉండటం వల్లనేమో, రాజు ఈసారి నిజంగానే అన్నీ పోగొట్టుకున్నవాడిలా వినిపించాడు. పద్యం అయిపోయింది. చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. వన్స్‌మోర్ మాత్రం ఎవరూ అనలేదు. ఆనాటి సంగతి హాల్లో అందరికీ తెలుసు. మళ్లీ ఆయన్ని అక్కడికి తీసుకెళ్లడం ఎందుకని, దయతలిచి నోళ్లు మూసుకున్నారు.

మావయ్య ముఖం కందగడ్డలా అయింది.

"ఏవయ్యా, గుడివాడలో గొంతులన్నీ పడిపోయాయా? ఎక్కడో అమెరికాలో ఉన్న టోపీవాడికి ఇల్లెక్కి అరిచారే! బందరునుంచి బస్సెక్కి వచ్చాను, నాకు ఒక్కసారి అరవలేరా?"

అప్పుడు అరిచారు. బస్టాండులో బయల్దేరబోతున్న బస్సులు ఆగి వెనక్కి వచ్చాయి. మావయ్య కళ్లు మూసుకుని రెండోసారి ఎత్తుకున్నాడు. పై షడ్జం దగ్గర గొంతు మంగినపూడి గాలికి ఎగిరిన గాలిపటంలా నిలబడింది, కిందికి దిగనంది.

ఇదిగో, ఇదే నేను కల్పించింది.

బస్సులు, రేకులు, కోళ్లు, హెలికాప్టర్లు అన్నిటికీ నేను పూచీ. గాలిపటం మాత్రం అబద్ధం. ఇది రాసి మావయ్యకి చదివి వినిపిస్తే చేపలు తిరగేస్తున్నవాడు చేతులు దులుపుకుని లేచాడు.

"అది తీసెయ్ అల్లుడూ. ఆ వంటింట్లో వీడియో తీసినవాడు దగ్గు కూడా కత్తిరించలేదు. నువ్వు నా గొంతు ఎందుకు కత్తిరించావు?"

"బాగుంటుందని మావయ్యా."

"నువ్వు కూడా పర్లేదండీ అన్నావన్నమాట!"

తీసెయ్యలేదు, పక్కనే అసలుది రాస్తున్నాను. రెండోసారి పాడినప్పుడు అంత కింది శ్రుతిలోనూ అదే చోట గొంతు తెగింది. మావయ్య ముందువరసలోకి చెయ్యి చాచి మంచినీళ్లు అడిగాడు. ఎవరిదో సీసా ఇచ్చారు. తీరిగ్గా తాగాడు, మూత పెట్టాడు, సీసా తిరిగి ఇచ్చేశాడు. హార్మోనిస్టు వైపు చూసి వేలితో కిందికి చూపించాడు. పద్యం మొదటికి వెళ్లలేదు. తెగిన మాట దగ్గరే అందుకుని, సగం పాడి, సగం మనతో మాట్లాడి, అడవి చివరిదాకా రాజుని నడిపించాడు. అత్తయ్య వేరుశనగకాయ ఒలిచి నోట్లో వేసుకుంది. ఒకటి నాకూ పెట్టింది.

వెనక వరసలో ఎవరో మహానుభావుడు లేచి మళ్లీ "వన్స్‌మోర్" అన్నాడు.

"కూర్చోవయ్యా," అన్నాడు మావయ్య, మైకులోనే, "బందరు బస్సు వెళ్లిపోద్ది."